కాటన్ దొర చదివిన చరిత్ర

చరిత్రలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని ధాన్యం వ్యాపారంలోకి దిగిన పూర్వ విద్యార్థిని నేను. ఈ ఏటి సంచికకు ఏదైనా రాసి పంపమని యూనియన్ కార్యదర్శి ఉత్తరం రాసినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది మా నాన్నగారి ప్రశ్న. నేను ఇక్కడ చదివిన రెండేళ్ళూ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన అదే అడిగేవారు. చచ్చిపోయిన రాజుల జాబితా రైసుమిల్లుకి ఏ విధంగా పనికొస్తుందని. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు. జవాబు మా ఊరికి బస్సు దూరంలో, ధవళేశ్వరంలోనే ఉందని తరవాత తెలిసింది. అక్కడ గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌ని ఇంజనీరింగు మిత్రులు తమవాడంటారు. కాదనను. కాని ఆయనలో చరిత్ర శాఖకీ కాస్త వాటా ఉంది. ఆ వాటా అడగడానికే ఈ నాలుగు పేజీలు.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండుమంది అన్నదమ్ములలో పదోవాడు. అంతమంది కొడుకులున్న ఇంట్లో చివరివాళ్ళకి ఆస్తి ఏం మిగులుతుంది? ఉద్యోగం వెతుక్కోవలసిందే. ఈస్టిండియా కంపెనీ వారు తమ సైనికాధికారులను తయారు చేసుకునే అడిస్కోంబ్ పాఠశాలలో చదివి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలోకి వచ్చారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. తొలి బర్మా యుద్ధానికి కూడా వెళ్ళొచ్చారు. అసలు కథ కావేరి ఒడ్డున మొదలవుతుంది.

తంజావూరు సీమ అప్పుడు ఒక చిక్కులో ఉంది. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, రెండోది కొల్లడం. ఏటేటా కొల్లడం లోతవుతోంది, కావేరి పూడిపోతోంది. నీళ్ళన్నీ కొల్లడం దారినే సముద్రంలోకి పోతున్నాయి. ఇలాగే జరిగితే తంజావూరు పొలాలు ఎండిపోవడం ఖాయం. కొల్లడం మొదట్లోనే అడ్డుకట్ట వేస్తే సరి అని అందరికీ తెలుసు. వేయడమెలా? నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే. రాయి తగలని చోట పునాది నిలవదని సీమలో చదువుకొచ్చిన ఇంజనీర్ల నమ్మకం.

అక్కడికి కొద్ది మైళ్ళ దిగువన కల్లణై ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పాత కట్ట అది. పద్దెనిమిది వందల ఏళ్ళకు తక్కువ వయసు చెప్పేవాళ్ళు లేరు. దొరలంతా దాని మీదుగా గుర్రాలెక్కి వెళ్ళినవాళ్ళే. కాటన్ దిగి చూశారు. 1830 ప్రాంతంలో, మేట వేసిన ఇసుక కొట్టుకుపోయేందుకు ఆ కట్టలో తూములు పెట్టే పని జరిగింది. కట్టని కోసినప్పుడు దాని పొట్టలో ఏముందో బయటపడింది. అడ్డదిడ్డమైన బండరాళ్ళు, వాటి మధ్య బంకమట్టి, పైన సున్నం పూత. అంతే. పునాది అనేది వేరే లేదు. చోళుల మనుషులు రాళ్ళు తెచ్చి ఇసుక మీద పోశారు. నీరు ఇసుకని తొలిచినప్పుడల్లా రాళ్ళు కిందికి దిగాయి. దిగినంత మేరా పైన మళ్ళీ పోశారు. కొన్నాళ్ళకి దిగడం ఆగిపోయింది. అప్పుడు కట్ట నిలిచింది, నిలిచే ఉంది.

లోతు తెలియని ఇసుకలో పునాది వేసే విద్య తాను నేర్చుకున్నది ఈ చోళుల దగ్గరేనని కాటన్ తరవాత రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆయన గొప్పతనమంతా ఈ ఒప్పుకోలులో ఉందని నా అభిప్రాయం. ఆ కాలంలో కంపెనీ ఉద్యోగి ఎవరైనా నల్లవాడి పనితనం నుంచి నేర్చుకున్నానని కాగితం మీద పెట్టడం మామూలు సంగతి కాదు. ఆ విద్యతోనే 1836లో కొల్లడం మీద ఎగువ ఆనకట్ట, ఇంకా కిందికి వచ్చి దిగువ ఆనకట్ట లేచాయి. తంజావూరు గట్టెక్కింది. ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ వాడే అనికట్ అనే మాట కూడా అక్కడి తమిళం లోంచి పోయినదే.

ఇక మన గోదావరి సంగతి. ఇప్పటి కోనసీమ కొబ్బరితోటలు చూసినవారికి ఆనాటి పరిస్థితి ఊహకందదు. 1832–33లో నందన కరువు. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలుంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళు గడిస్తే జనం పెరగాలి గదా, నాలుగో వంతు తగ్గారు. చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు వలసపోయారు. జమీందారీలు శిస్తు కట్టలేక వేలానికొచ్చాయి. ఈ దుస్థితి ఎందుకొచ్చిందో విచారించమని ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. ఆయన 1844లో ఇచ్చిన నివేదికలో, ఈ జిల్లాను బాగుచేయడానికి గోదావరి నీటిని వాడుకోవాలనీ, ఆ పని కాటన్‌కి అప్పగించాలనీ సలహా ఇచ్చారు.

ఆ మాటకొస్తే గోదావరి, కృష్ణ నీళ్ళని పొలాలకి మళ్ళించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1790 దశకంలోనే మైకేల్ టాపింగ్ అనే సర్వే అధికారి ఈ ప్రాంతమంతా తిరిగి రాసిపెట్టాడు. ఆయన 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు, ఆలోచన కాగితాల్లో నిద్రపోయింది. ప్రభుత్వ దఫ్తరాలలో ఇటువంటి నిద్రలు అనేకం.

కాటన్ 1844, 45 సంవత్సరాలలో పంపిన నివేదికలు చదివితే ఆయన ఎంత గడుసు వ్యాపారో తెలుస్తుంది. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకి దయాదాక్షిణ్యాల కబుర్లు చెబితే వినరు. వాళ్ళది కంపెనీ. పెట్టిన రూపాయికి ఎంత వస్తుందో చెప్పాలి. కట్టని ఆనకట్టకి లాభం లెక్క చెప్పడమెలా? ఇక్కడే ఆయన చరిత్రని పట్టుకున్నారు. తంజావూరుని ఎదురుగా నిలబెట్టారు. ఆ డెల్టా కంటె ఈ డెల్టా పెద్దది. ఆ నదిలో కంటె ఈ నదిలో నీళ్ళెక్కువ. నేలలో లోపం లేదు. అయినా అక్కడి రాబడికీ ఇక్కడి రాబడికీ ఏనుగుకీ ఎలకకీ ఉన్నంత తేడా. తేడా అంతా ఒక్క పాతకట్ట, దాని కింది కాలువలు. చోళులు పెట్టిన పెట్టుబడికి ఇన్ని వందల ఏళ్ళుగా వడ్డీ వస్తూనే ఉందని చూపించారు. ముందు జరిగినదాన్ని రుజువుగా పెట్టి, జరగబోయేదానికి డబ్బు అడగడమన్నమాట. బ్యాంకుల వాళ్ళ దగ్గరికి అప్పుకి వెళ్ళినప్పుడు గత సంవత్సరాల లెక్కలు పట్టుకురమ్మంటారే, అదీ ఇదే గదా! 1846 చివర అనుమతి వచ్చింది. మొదటి అంచనా అయిదు లక్షల రూపాయల లోపే. ఖర్చు దాన్ని చాలా దాటిందనుకోండి, అంచనాలు ఎప్పుడు నిలిచాయి గనుక.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకి నాలుగు మైళ్ళు. మధ్యలో లంకలు అడ్డం పడి నదిని నాలుగు పాయలు చేశాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగు పాయలకీ కలిపి రెండు మైళ్ళ పైచిలుకు కట్ట, పన్నెండు అడుగుల ఎత్తు. అడుగున కల్లణైలో లాగే ఇసుక. ఆ పాఠమే ఇక్కడా. ఇసుకలో చిన్న బావులు దింపి, వాటి మీద గోడ లేపి, ముందూ వెనకా కొండరాళ్ళు గుమ్మరించడం. నది లాక్కుపోయిన చోట మళ్ళీ గుమ్మరించడం. రాయి ధవళేశ్వరం కొండలదే. ఒడ్డు పక్కనే కొండ ఉండటం ఆ స్థలం ఎంచడానికి ఒక కారణం. రాయిని ఏటికి చేర్చడానికి పట్టాలు పరిచి బళ్ళు నడిపారు. పదివేలమంది దాకా కూలీలు పనిచేశారంటారు. వారిలో ఒక్కరి పేరూ మనకి మిగల్లేదు. చరిత్ర విద్యార్థిగా నాకు ఇది ఎప్పుడూ గుచ్చుకునే సంగతి.

పేరు మిగిలిన తెలుగువాడు ఒకరున్నారు, వీణెం వీరన్నగారు. కూలీలను కూర్చడం, పనులు నడపడం, దొరల భాష కూలీలకీ కూలీల బాధ దొరలకీ చెప్పడం ఆయన వంతు. ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నాగరం లంకకి నీరు తీసుకుపోయే అక్విడక్టు, నలభై అడుగుల కమానులు నలభై తొమ్మిది, హేగ్ అనే లెఫ్టినెంటు కట్టించారు. మన వాళ్ళకి కాటన్ ఒక్కడే కనిపిస్తాడు గాని, ఆ పాత కమానుల కింద నిలబడితే హేగ్‌కీ ఒక నమస్కారం పెట్టబుద్ధవుతుంది.

ఇంతా చేసి, కాటన్ పని సాంతం దగ్గరుండి చూడలేదు. ఎండల్లో ఇసుకలో నిలబడి ఆరోగ్యం పాడైంది. 1848లో కెప్టెన్ ఆర్ అనే సహచరుడికి పగ్గాలప్పగించి, సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. ఆ గడ్డ ఆయనకి కొత్త కాదు. 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్ళాడింది ఆ ప్రయాణాల్లోనే. 1850లో తిరిగొచ్చారు. 1852కి ఆనకట్ట పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు పారాయి. కాలువలంటే పొలాలకి నీళ్ళు మాత్రమే కాదు, పడవలకి బాటలు కూడా. మా తాతగారి రోజుల్లో కూడా ధాన్యం కాకినాడకి పడవ మీదే వెళ్ళేది.

ఇక్కడ కాస్త మా ఇంటి విషయం చెప్పుకోవాలి. మాది వశిష్ఠ గట్టుకి దగ్గర ఊరు. 1984లో మిల్లు పక్కన కొత్త గోడౌను కట్టాలని నాన్నగారు అనుకున్నారు. మేస్త్రీ రెండడుగుల అరుగు చాలన్నాడు. నేను అటక మీది పాత చిట్టాలు దింపి కూర్చున్నాను. మామ్మ పక్కన కూర్చుని ఏ పుస్తకం ఏ ఏటిదో అట్ట రంగు చూసి చెప్పేది. చదువు రాకపోయినా ఆవిడకి ఆ దొంతర కంఠతా వచ్చు. 1953 పుస్తకంలో ఆగస్టు వరద పద్దు దొరికింది. పాత గోడౌనులో కిందినుంచి ఎన్ని వరసల బస్తాలు తడిశాయో, తడిసిన ధాన్యం ఏ ధరకి తెగనమ్మారో తాతగారు వరస తప్పకుండా రాసిపెట్టారు. బస్తా మందం తెలిస్తే నీటి ఎత్తు తెలిసినట్టే. లెక్క వేస్తే రెండడుగుల అరుగు చాలదని తేలింది. నాన్నగారు చాలాసేపు ఆ పుటలోకే చూశారు, అది తన తండ్రి చేతిరాత. అయిదడుగులు పోయమన్నారు. 1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గట్లు తెగాయి. మా గోడౌను అరుగు అంచుకి జానెడు కిందుగా నీళ్ళు ఆగాయి. బస్తాల మీదా బస్తాల మధ్యా మా వీధి వాళ్ళంతా తొమ్మిది రోజులు కాపురమున్నారు. ఆ తరవాత నాన్నగారు రాజుల జాబితా ప్రశ్న మళ్ళీ అడగలేదు. పైగా ప్రతి సంక్రాంతికీ ఒక పాత చిట్టా తీసి మనవల చేత చదివించడం మొదలుపెట్టారు. ఏ ఏడు ఎవరి పెళ్ళి, ఎవరికి ఎంత అప్పు, ఏ ఎద్దు చచ్చిపోయింది, అన్నీ అందులోనే. మా ఇంట్లో ఆ రోజున టీవీ పెట్టరు.

కాటన్ మీద భక్తితో ఈ కథ చెబుతున్నాను గాని, ఆయన చరిత్రని తప్పుగా వాడిన సందర్భమూ ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. గోదావరి విజయం చూసి, 1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి పెట్టారు. అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ. వెనక నిలబడిన ఆలోచన కాటన్‌ది. తుంగభద్ర నుంచి కర్నూలు, కడపల మీదుగా కాలువ. 1863లో పనులు మొదలయ్యాయి. ఇప్పటి కె.సి. కెనాల్ అదే. తంజావూరులో పండింది, గోదావరిలో పండింది, కర్నూల్లో ఎందుకు పండదని ఆయన లెక్క. కాని తంజావూరు రైతుకి వందల ఏళ్ళుగా మాగాణి తెలుసు. కర్నూలు రైతుది నల్లరేగడి. జొన్నా పత్తీ వేసుకుని వాననీటి మీద బతికే నేల. ఎక్కువ నీరు పెడితే ఆ నేల చెడుతుంది. వానలు బాగున్న ఏడు రైతు డబ్బిచ్చి నీళ్ళు కొంటాడా? కొనలేదు. కంపెనీ మునిగింది. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. రెండు డెల్టాల చరిత్ర చదివిన మనిషి మూడోచోట ఆ నేల చరిత్ర అడగడం మరిచిపోయాడు. మా మిల్లు పాఠాన్ని పొరుగు జిల్లాలో మక్కీకి మక్కీ దింపబోయి మేమూ ఒకసారి చేతులు కాల్చుకోబోయాం. కర్నూలు కథ గుర్తొచ్చి ఆగాం.

కాటన్ 1860లో ఉద్యోగం విరమించారు. మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. ఊరుకోలేదు. రైళ్ళ మీద కోట్లు పోస్తున్నారు, కాలువలు తవ్వండి, పడవలు నడపండి అని రాస్తూనే ఉన్నారు. 1876–78 కరువులో లక్షలాది జనం దక్షిణాదిలో చచ్చిపోతుంటే ఆయన గొంతు పెద్దదైంది. 1878లో పార్లమెంటు కమిటీ ఒకటి ఆయన్ని పిలిపించి ప్రశ్నల వర్షం కురిపించింది. కర్నూలు నష్టం వాళ్ళ చేతిలో మంచి ఆయుధం. డెబ్బై అయిదేళ్ళ ముసలాయన కూర్చుని జవాబు చెప్పారు. వాళ్ళు కర్నూలు అంటే ఈయన గోదావరి అనేవారు. ఎవరి చరిత్ర వాళ్ళకి పనికొచ్చింది. అయితే, గోదావరి లెక్కని కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ కాలువల కింద ఈనాటికీ పది లక్షల ఎకరాలు సాగవుతోంది.

చివరి రోజులు సర్రే జిల్లాలోని డార్కింగ్‌లో గడిచాయి. ఇంటి తోటలో నేలని లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తుండేవారు. అంతకుముందు అరబ్బీ నేర్చుకుని ఆ భాషకి వాచకం కూడా రాశారు. 1899 జులై 24న కాలం చేశారు, తొంభై ఆరేళ్ళు. ఆయన కట్టిన ఆనకట్ట దాదాపు నూట ముప్పై ఏళ్ళు పనిచేసి, 1970లలో మొదలుపెట్టి 1982లో ముగించిన 175 గేట్ల బ్యారేజికి చోటిచ్చింది. బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. గోదావరి స్నానం చేయించే పురోహితులు కొందరు సంకల్పంలో ఆయన్ని తలుస్తారు. నమ్మనివాళ్ళు ధవళేశ్వరం రేవులో ఒక ఉదయం నిలబడి వినవచ్చు.

ఆయన జీవితం మనకి ఇంత వివరంగా తెలియడానికి కారణం కూతురు. ఎలిజబెత్ టాస్మేనియాలో 1842లో పుట్టింది. ఆనకట్ట లేస్తున్న రోజుల్లో ఆమె చిన్నపిల్ల. పెళ్ళయ్యాక లేడీ హోప్ అయింది. డార్కింగ్‌లో కూలీజనం సారాకొట్టుకి పోకుండా కాఫీ గదులు నడిపింది. తండ్రి పోయిన మరుసటి ఏడే, 1900లో, ఆయన ఉత్తరాలూ నివేదికలూ పోగేసి పెద్ద పుస్తకం వేసింది. కరువుల మీద విలియం డిగ్బీ రాసిన భాగం కూడా అందులో చేర్చారు. ఈవిడ మాటని పూర్తిగా నమ్మవచ్చా అంటే జాగ్రత్త అవసరమే. డార్విన్ అవసానకాలంలో బైబిలు చదువుతూ కనిపించాడని 1915లో అమెరికా పత్రికలో కథ వేయించి, డార్విన్ పిల్లల చేత అబద్ధమనిపించుకున్నది ఈవిడే. కాబట్టి తండ్రిని పొగిడిన చోట కాస్త తగ్గించి చదవాలి. నివేదికలు యథాతథంగా ఇచ్చిన చోట మాత్రం అది బంగారం. ఆవిడ 1922లో సిడ్నీలో పోయింది.

ఆ పుస్తకం పునర్ముద్రణ ఒకటి మా మిల్లు ఆఫీసులో ఉంది. మా కోడలు దానికి అట్ట వేసింది. పరిశోధన చేసే విద్యార్థులెవరైనా వస్తే ఇస్తాను. 1953 చిట్టా మాత్రం ఇక్కడే కూర్చుని చూసుకోవాలి, బయటికి ఇవ్వను.